హేమావతి: రెండు నాడుల నడిమి గ్రామము

(హిందూపురమునందలి ఒక పఠనమందిరమున చేయబడిన ఉపన్యాసపు పాఠము)



నేను చరిత్రకారుడను కాను. వృత్తిచే న్యాయవాదిని, గ్రంథాలయోద్యమమున పుస్తకముల పెట్టెలు మోసిన సేవకుడను. చరిత్రను గూర్చి మాటలాడుటకు నాకు సాహసము కలిగించినది ఒక కాగితముల కట్ట. కొన్ని సంవత్సరముల క్రిందట మడకశిర ప్రాంతపు రైతొకడు భూమి తగవు విషయమై నాయొద్దకు వచ్చెను. కట్ట విప్పి చూడగా సగము కాగితములు తెలుగున నుండెను. అవి మన అడంగళ్లు. తక్కిన సగము కన్నడమున నుండెను. అవి కర్ణాటకపు పహణీలు. పొలము ఎల్లకు రెండు ప్రక్కల నున్నది. నేను కాగితములను వేరుచేయుచుండగా ఆ రైతు నవ్వి, “సామీ, మా జేజినాయన ఒగడే, బాయి ఒగటే. కాగితాలే రెండు సర్కార్లవి” అనెను.

ఇట్టి చిక్కునకు శాసనము చక్కని మార్గమునే చూపినది. స్థిరాస్తి ఎక్కడ నున్నదో అక్కడి న్యాయస్థానముననే దావా వేయవలెనని 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 16వ సెక్షను చెప్పుచున్నది. ఆస్తి వేర్వేరు న్యాయస్థానముల పరిధులలో పడియున్నచో, అందులో ఏ భాగమున్న చోటనైనను దావా వేయవచ్చునని 17వ సెక్షను చెప్పుచున్నది. కావున కోర్టు దొరకినది. కాని మరియొక చిక్కు మిగిలినది. ఆ రైతు కన్నడము చదువును, తెలుగు మాటలాడునేగాని చదువలేడు. వాని కుమార్తె తెలుగు బడిలో చదివినది. తండ్రి కన్నడ కాగితమును ఆమె చదువలేదు. ఒకే యింట తండ్రి ఆస్తికి సాక్ష్యమైన అక్షరము బిడ్డకు అపరిచితమైనది. దీనికి ఏ సెక్షనునందును పరిహారము లేదు. ఆ దినము మొదలు ఈ ఎల్ల ఎప్పుడు పుట్టినది, ఎవరు గీచిరి, అది వేనిని విడదీయవచ్చును, వేనిని విడదీయరాదు అను ప్రశ్నలు నన్ను విడువలేదు. వానికి ఉత్తరము వెదకుచు పోగా నేను చేరినది హేమావతి గ్రామము.

హేమావతి మడకశిర తాలూకాలో, అమరాపురము మండలమున, కర్ణాటకపు పొలిమేరనంటి యున్నది. పటము చూచినవారికి ఈ తాలూకా ఆకారము విచిత్రముగా తోచును. మడకశిర, అమరాపురము, గుడిబండ, రొళ్ల, అగళి అను ఐదు మండలముల నేల, సముద్రములోనికి చొచ్చిన భూశిరమువలె, కర్ణాటకములోనికి చొచ్చియున్నది. దానికి సరిజోడుగా తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా మన నేలలోనికి చొచ్చి, మూడు ప్రక్కల ఆంధ్రభూమిచే చుట్టబడియున్నది. మన మడకశిరలో కన్నడము మాటలాడువారు విస్తారము. వారి పావగడలో తెలుగు మాటలాడువారు విస్తారము. రెండు చేతుల వ్రేళ్లు ఒకదానిలో నొకటి చొప్పించినపుడు ఏ వ్రేలు ఏ చేతిదో గుర్తించుట ఎట్లు కష్టమో, ఇదియు నట్లే యున్నది.

భూస్వభావమును చూతము. ఉత్తరమున తాడిపత్రి సీమ సముద్రమట్టమునకు వేయి అడుగుల లోపే యుండగా, మడకశిర నేల రెండువేల అడుగులకు పైబడి మైసూరు పీఠభూమిలో కలిసిపోవుచున్నది. నైరుతి మేఘములను పడమటి కనుమలు ముందే పిండివేయును. ఈశాన్య ఋతుపవనము తీరముననే తన బరువు దించుకొని వచ్చును. ఉమ్మడి అనంతపురము జిల్లాకు సాలుకు సగటున 550 మిల్లీమీటర్లు, అనగా సుమారు 22 అంగుళములు, వర్షము మాత్రమే దక్కుచున్నది. భారతదేశమున ఇంతకన్న తక్కువ వర్షము గల జిల్లాగా రాజస్థానమునందలి జైసల్మేరును చెప్పుదురు. ఈ నేలపై బ్రతికినవారు చెరువు కట్టి బ్రతికిరి, బావి త్రవ్వి బ్రతికిరి. నేడు గొట్టపుబావులతో భూగర్భమును తోడి బ్రతుకుచున్నారు. ఎల్లకు ఆవలి వారి బ్రతుకును ఇదియే.

ఇట్టి మెట్టనేలలో ఒక రాజధాని వెలసెనన్న నేడు నమ్మువారు తక్కువ. కాని హేమావతియే శాసనములలోని హెంజేరు. దానిని పెంజేరు అనియు వ్రాసిరి. ఈ రెండు రూపములే ఒక చరిత్రను చెప్పుచున్నవి. మన పాలు కన్నడమున హాలు. మన పులి వారికి హులి. మన పల్లె వారికి హళ్ళి. పాతకన్నడమునందును పకారమే యుండి, సుమారు పదవ శతాబ్దము మొదలు హకారముగా మారుచు వచ్చెను. పెంజేరు హెంజేరైన తీరును అట్టిదే.

ఎనిమిదవ శతాబ్దము మొదలు పదునొకండవ శతాబ్దము వరకు నొళంబ పల్లవులు ఈ సీమ నేలిరి. వారి దేశమునకు నొళంబవాడి ముప్పదిరెండువేలు అని పేరు. నేటి అనంతపురము, చిత్తూరు, కోలారు, తుమకూరు, చిత్రదుర్గము, బళ్లారి ప్రాంతములలోని భాగములును, తమిళదేశమునందలి ధర్మపురియును వారి యేలుబడిలో నుండెను. నేటి మూడు రాష్ట్రముల నేల ఒక్క హెంజేరునుండి పాలింపబడినది. హేమావతిలోని స్తంభశాసనము వారి వంశావళిని కంచి పల్లవుల మూలపురుషుడగు త్రినయన పల్లవునితో ప్రారంభించి చెప్పుచున్నది. మహేంద్రుడు, అయ్యపదేవుడు, దిలీపుడు వారిలో ప్రసిద్ధులు. పదవ శతాబ్దపు ఉత్తరార్ధమున గంగరాజగు మారసింహుడు వారిని ఓడించి ‘నొళంబకులాంతక’ బిరుదు ధరించెను. పిమ్మట చోళులు నొళంబపాడిని గెలిచిరి. రాజరాజు విజయములలో ఆ పేరు ఎక్కినది.

నొళంబుల శాసనములలో అధికభాగము కన్నడమే. అందుచేత వారు మనవారు కారని కొందరందురు. పల్లవనామము చూచి మనవారే యని మరికొందరందురు. ఈ వాదము నాకు రుచింపదు. కడప ప్రాంతపు కలమళ్లలో రేనాటి చోళులు ఆరవ శతాబ్దమున తెలుగున శాసనము వేయించిరి. వారికి పడమట నొళంబులు కన్నడమున వేయించిరి. రెండు భాషలును ఒక్క లిపినుండి పుట్టినవి. పదమూడవ శతాబ్ద ప్రాంతము వరకు ఆ రెండు లిపులను వేరుచేసి చూపుట కష్టము. నాటి శిల్పి ఉలి పట్టి చెక్కిన అక్షరము తెలుగుదో, కన్నడముదో అని అతనినే యడిగిన, ఆ ప్రశ్నయే అతనికి తెలిసియుండదు.

హేమావతి ఆలయములను చూడని వారు ఒకసారి తప్పక చూడవలెను. సిద్ధేశ్వరాలయమున శివుడు లింగరూపమున గాక మానుషరూపమున ఆసీనుడై యున్నాడు. ఇది మన దేవాలయములలో అరుదు. దొడ్డేశ్వరాలయమున పెద్ద లింగమును, నునుపుదేరిన నల్లరాతి నందియును, కంసాలి పనితనమును తలపించు స్తంభములును, రాతిలో జల్లెడవలె తొలిచిన గవాక్షములును ఉన్నవి. ఈ నల్లరాతి కౌశలము ఎంతటి ఖ్యాతి గాంచెననగా, నొళంబ స్తంభములు కావేరీతీరమున తిరువయ్యారు ఆలయమున నేటికిని నిలిచియున్నవి. చోళులు జయచిహ్నములుగా వానిని కొనిపోయిరని పండితుల మతము. హేమావతి శిల్పములు కొన్ని మద్రాసు మ్యూజియమునకు చేరినవి. సి. శివరామమూర్తిగారు వానిపై ప్రత్యేక గ్రంథమే వ్రాసిరి. ఈ రీతిని మన గ్రామపు రాళ్లను చూడ గోరువాడు తంజావూరు సీమకును, చెన్నపట్టణమునకును పోవలసియున్నది. ఊరిలో మిగిలిన వానిని ఆ యూరి బిడ్డకు వివరించి చెప్పు పుస్తకము ఆ బిడ్డ బడిలో లేదు.

చోళుల పిమ్మట నిడుగల్లు నాయకులు, ఇరుంగోళులను పేరున, ఈ సీమ నేలిరి. వారి కోటయైన నిడుగల్లు నేటి పావగడ తాలూకాలో, అనగా కర్ణాటకమున నున్నది. వారి పట్టణమైన హెంజేరు ఆంధ్రమున నున్నది. కోట యొక రాష్ట్రమునను, పట్టణ మొక రాష్ట్రమునను పడుట మనకు వింతగా నున్నది. వారికి అది ఒక్క రాజ్యమే. తరువాత విజయనగరమును, 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన వెనుక పెనుకొండ రాజధానియును, పాళెగాండ్రును వచ్చిరి. 1687లో మొగలాయీలు సిరాను సుబాకు ముఖ్యపట్టణముగా చేసిరి. 1761లో సిరా హైదరలీ చేతిలో పడెను. ఇన్ని యేలుబడులలోను హేమావతి ఒక రాజ్యముయొక్క నడుమనే యుండెనుగాని అంచున లేదు.

మరి అంచు ఎప్పుడు పుట్టినది? 4 మే 1799న టిప్పుసుల్తాను శ్రీరంగపట్టణమున మడిసెను. ఆ యేటనే జయించినవారు అతని రాజ్యమును పంచుకొనిరి. పావగడ ఒడయరు సంస్థానమున చేరెను. మన వైపు నేల నిజాముపాలు పడగా, ఆయన తన సీమను సైన్యపు ఖర్చుకై 12 అక్టోబరు 1800న కుంపినీవారికి దత్తము చేసెను. దత్తమండలమను పేరు అప్పటిదే. పంపకము చేసినవారు జమాబందీ రాబడి చూచిరి, కోటలు చూచిరి. ఏ యూరివారు ఏ భాష మాటలాడుదురో, ఏ చెరువు నీరు ఏ మడికి పారునో చూచినవారు కారు. థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండి, పొలము పొలము కొలిపించి, రైతు పేర శిస్తు నిర్ణయించెను. ఆ కొలతతో గీత రాయిగా మారెను. 1882లో బళ్లారి జిల్లానుండి అనంతపురము జిల్లా వేరుపడెను. రాయి మాత్రము కదలలేదు.

ఈ గీత యెంత విపరీతమైనదో స్వాతంత్ర్యోద్యమమున తేటపడెను. హిందూపురమునకు కొలది మైళ్లలో, పినాకినీతీరమున, విదురాశ్వత్థమున్నది. 25 ఏప్రిల్ 1938న అచ్చట జాతీయధ్వజము నెత్తుటకు చేరిన జనులపై మైసూరు పోలీసులు తుపాకులు కాల్చిరి. పలువురు ప్రాణములు విడిచిరి. ఆ దినముననే ఎల్లకు ఈవల, మద్రాసు రాజధానిలో, కాంగ్రెసు మంత్రివర్గము పాలించుచుండెను. ఒక్క ఏటి యొడ్డున, ఒక్క జెండాకు, ఎగువ తుపాకిగుండు, దిగువ ప్రభుత్వ గౌరవము! ఆ కాల్పుల పిదప సర్దార్ పటేలును, కృపలానీయును మైసూరునకు వచ్చి సంధి మాటలాడిరి. సంస్థానపు జెండాతోపాటు కాంగ్రెసు జెండాయు ఎగురుటకు అనుమతి లభించెను. ఆనాడు నేలకొరిగినవారు ఏ రాష్ట్రమువారని మనము నేడు లెక్క తీయుట లేదు గదా.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప గీతను దిద్దు అవకాశము వచ్చెను. 1 అక్టోబరు 1953న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు చేరెను. బళ్లారి మొదలగు తాలూకాలు మైసూరునకు పోయెను. 1 నవంబరు 1956న భాషాప్రయుక్త రాష్ట్రములు దేశమంతట వెలసెను. అయినను మడకశిర మనయొద్దనే, పావగడ వారియొద్దనే నిలిచిపోయెను. 4 ఏప్రిల్ 2022న అనంతపురము జిల్లా రెండై, హేమావతి పుట్టపర్తి కేంద్రముగా గల శ్రీసత్యసాయి జిల్లాలో చేరెను. నేను దీనిని తప్పుపట్టుట లేదు. ఎక్కడ గీత గీచినను దానికి ఆవల కొందరు మనవారు, ఈవల కొందరు వారివారు మిగులుదురు. గీతను జరుపుట చికిత్స కాదు. గీత ప్రక్కన బ్రతుకువారికి గీతవలన నష్టము కలుగకుండ చూచుటయే చికిత్స.

నీటి మాట తలచుకొనుడు. ఉత్తరపినాకిని నందికొండలలో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా మన హిందూపురసీమలో ప్రవేశించును. తిరిగి పావగడ తాలూకాలో నాగలమడిక ప్రక్కగా కర్ణాటకమున పారును. మరల మన పేరూరునకు వచ్చును. ఒక్క నది మూడుమార్లు ఎల్ల దాటుచున్నది! తుమకూరు కొండలలో పుట్టిన జయమంగళియును మన నేలలోనే దానిని కలియుచున్నది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వములు చేసికొనిన ఒడంబడికలో వేదవతి, ఉత్తరపినాకిని, చిత్రావతి, పాపఘ్ని నదుల పేళ్లున్నవి. ఎగువవాడు క్రొత్తకట్ట వేయుటకు ముందు దిగువవానికి చెప్పవలెనని దాని సారము. నూటముప్పదియేండ్లకు పూర్వమే పరప్రభుత్వము సయితము నీరు ఎల్ల నెరుగదని ఒప్పుకొనినది.

కరవును ఎల్ల నెరుగలేదు. 1876–78 నాటి మహాక్షామము దత్తమండలమును, మైసూరును కలిపియే మ్రింగినది. 1871 జనాభా లెక్కలో యాభై లక్షలకు పైబడియుండిన మైసూరు జనము 1881 లెక్కకు ఇంచుమించు నలుబదిరెండు లక్షలకు తగ్గెను. మనవైపు పల్లెలలోను పాడుపడిన యిండ్లు మిగిలెను. ఆకలి గీత దాటి వచ్చినపుడు సహాయమును గీత దాటవలెను గదా.

విదేశమునందలి యొక గ్రామమును చెప్పి మీకు మన భాగ్యమును జ్ఞాపకము చేయుదును. ఉక్రెయిన్ దేశపు పడమటి కొనను, స్లొవాకియా సరిహద్దున, మాలి సెల్మెంత్సీ అను చిన్న యూరున్నది. అచ్చటివారి భాష హంగేరీ భాష. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపుడు క్రొత్త సరిహద్దు ఆ యూరి నడివీధిని చీల్చుకొని పోయినది. సగము యూరు సోవియటు రాజ్యమున, సగము చెకొస్లొవాకియాలో పడినది. నడుమ కంచె లేచినది. అన్నదమ్ములు, తల్లీబిడ్డలు చెరియొక ప్రక్క నుండిపోయిరి. కాలినడకన దాటుటకు అచ్చట ద్వారము తెరచినది 2005లో. అనగా ఇంచుమించు అరువదేండ్ల తరువాత.

మన ఎల్లకు కంచె లేదు, కావలివాడు లేడు, అనుమతి చీటి లేదు. హేమావతివాడు సిరా సంతకు పోవచ్చును. పావగడవాడు హిందూపురము మార్కెట్టుకు రావచ్చును. పెండ్లి సంబంధములు ఇరుప్రక్కల సాగుచునే యున్నవి. శివరాత్రికి సిద్ధేశ్వరుని సన్నిధికి ఇరువైపుల భక్తులును వత్తురు. ఇంత స్వేచ్ఛ యుండియు ఒక్క విషయమున మనమే కంచె వేయుచున్నాము. అది చదువు.

మన రాజ్యాంగమున 350ఏ అధికరణము 1956లో చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని దాని భావము. అంతకుముందు 1949లోనే రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, బడిలో నలుబదిమందియైనను, తరగతిలో పదిమందియైనను ఆ భాషవారున్నచో ఉపాధ్యాయు నొకని నియమింపవలెనని తీర్మానించినది. మడకశిర ప్రాంతమున కన్నడ బడులు కలవు. కాని బడి యుండుట వేరు, ఆ బడికి సకాలమున పుస్తకము చేరుట వేరు, ఖాళీపడిన ఉపాధ్యాయుని స్థానము నిండుట వేరు. ఈ మాట పావగడలోని తెలుగు బిడ్డ విషయమునను సత్యమే. ఒకచోట మనము దాతలము, ఒకచోట అర్థులము. ఇచ్చట మనము చేయని న్యాయమును అచ్చట కోరుట యెట్లు?

కొందరు మిత్రులు నన్నడుగుదురు: “ఇట్లు మాటలాడిన పాత సరిహద్దు తగవులు రేగవా? మన నేలలో కన్నడ చదువును పోషించిన రేపు నేలనే కోరరా?” అని. ఈ భయమును నేను తేలికగా త్రోసివేయను. ఓబుళాపురము ప్రాంతమున ఇనుపఖనిజపు తవ్వకములలో ఎల్లరాళ్లే వివాదమై సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయిన సంగతి మనమెరుగుదుము. కాని అచ్చట రాళ్లను వివాదమున దింపినది భాష కాదు, లోభము. తన బిడ్డకు తన అక్షరము దొరకినవాడు ప్రభుత్వమును మార్చగోరడు, దొరకనివాడే కోరును. రాతిని ఉన్నచోటనే నిలుపదలచినవారు ఆ రాతి ప్రక్కనున్నవానిని సంతుష్టుని చేయవలెను.

కావున ఈ పఠనమందిర సభ్యుల యెదుట మూడు పనులు పెట్టుచున్నాను. మూడును ప్రభుత్వముకొరకు వేచియుండనక్కరలేనివి.

మొదటిది: హేమావతి చరిత్రను ఒక చిన్న పుస్తకముగా, ఒక పుట తెలుగున, ఎదుటి పుట కన్నడమున, అచ్చొత్తింపుడు. శాసనములు చదువగల పండితులు రెండు ప్రక్కల నున్నారు. ఆ పుస్తకమును అమరాపురము బడికిని, పావగడ బడికిని పంపుడు.

రెండవది: ఎల్ల గ్రామముల పఠనాలయములలో రెండు లిపులును నేర్పు సాయంకాలపు తరగతులు పెట్టుడు. తెలుగు చదివినవానికి కన్నడలిపి నేర్చుట కష్టము కాదు, అక్షరములు అక్కచెల్లెండ్రు. తండ్రి కాగితమును బిడ్డ చదువగలుగుటయే ఆ తరగతికి పరీక్ష.

మూడవది: ఇరువైపుల రైతులు ఏడాదికొకసారి ఒక చెరువు కట్టమీద కూడి, ఆ యేటి నీటిని, పూడికను, గొట్టపుబావుల లోతును మాటలాడుకొనునట్లు చేయుడు. ప్రభుత్వములు ఒడంబడికలు వ్రాసికొనును. చెరువు పూడిక తీయువాడు మాత్రము రైతే.

నా కక్షిదారుని మాటతో ముగింతును. ఆ వ్యాజ్యము రాజీ అయినది. రాజీపత్రమును తెలుగున వ్రాయించి, కన్నడమున నొక ప్రతి తీయించి, రెండును చదివి వినిపించితిని. ఆ రైతు కన్నడప్రతిని మడిచి రొండిని దోపుకొనెను. తెలుగుప్రతిని కుమార్తె చేతి కిచ్చెను. “ఇద్దరం చదివితే మాట ఒగటే గదా సామీ?” అని యడిగెను. ఒక్కటే యని చెప్పితిని. నేను చెప్పిన ఆ మాట ప్రతి ఎల్లగ్రామమునందును నిజము కావలెనని కోరుచున్నాను.